గుడారం లోపల గల్లాపెట్టె ఎవరిది?

అసాధారణ దేహాలున్న మనుషులను టికెట్టు పెట్టి చూపించిన సైడ్‌షోల చరిత్రను ఇప్పుడు ఎక్కువగా ప్రేక్షకుల క్రూరత్వంగానే చదువుతున్నాం. ఆ క్రూరత్వం నిజమే. అయితే అది దోపిడీయా, జీవనోపాధా అని తేల్చాలంటే డబ్బు ఎవరి చేతికి చేరిందో, ఇష్టం లేనప్పుడు వెళ్లిపోయే హక్కు ఎవరికి ఉందో ముందు చూడాలి.

అమెరికాలో ప్రదర్శనల వ్యాపారిగా పేరుపడిన పి.టి. బార్నమ్ 1835లో ఈ వ్యాపారంలోకి దిగింది జాయిస్ హెత్ అనే నల్లజాతి బానిస వృద్ధురాలితో. చూపు పోయి, శరీరం దాదాపు చచ్చుబడిన ఆమెను ప్రదర్శించే హక్కు కొనుక్కుని, జార్జి వాషింగ్టన్‌ను పెంచిన 161 ఏళ్ల దాది అని ప్రచారం చేశాడు. మరుసటి ఏడాది ఆమె చనిపోతే శవపరీక్షకు కూడా 50 సెంట్ల టికెట్టు పెట్టాడు. ఆమె వయసు 80కి మించదని వైద్యుడు తేల్చాడు. బానిస కనుక ఆమె అంగీకారంతో ఎవరికీ పని పడలేదు.

సియాం (నేటి థాయిలాండ్) నుంచి 1829లో బోస్టన్ చేరిన అవిభక్త కవలలు చాంగ్, ఎంగ్ మాత్రం 1832లో, 21వ ఏట, నిర్వాహకుణ్ణి వదిలి తమ ప్రదర్శనలు తామే నడుపుకున్నారు. తర్వాత నార్త్ కరోలినాలో భూములు కొని, నల్లజాతి బానిసలనూ ఉంచుకున్నారు. వారి విజయగాథలో ఈ మాట దాటేయడం అన్యాయం.

ఇంగ్లండ్‌లో, దేహం తీవ్రంగా వికృతమై ‘ఎలిఫెంట్ మ్యాన్’గా పేరుపడిన జోసెఫ్ మెరిక్ ఉదంతం మరింత చిక్కైనది. లెస్టర్‌లోని నిరుపేదల శ్రమాలయం నుంచి బయటపడటానికి తనను ప్రదర్శించమని అతడే ఉత్తరం రాసుకున్నాడు. 1884లో అతణ్ణి లండన్‌లో చూపించిన టామ్ నార్మన్ రాబడిని చెరిసగం పంచుకున్నామని చెప్పుకున్నాడు. ఆ మాటను పూర్తిగా నమ్మనక్కరలేదు గానీ, మెరిక్ దాదాపు 50 పౌండ్లు కూడబెట్టాడు. పోలీసులు ప్రదర్శన మూయించాక ఐరోపాకు తీసుకెళ్లిన మరో నిర్వాహకుడు ఆ సొమ్ము దోచుకుని వదిలేశాడు. చివరికి లండన్ హాస్పిటల్ అతనికి నీడనిచ్చింది; 1890లో మరణించాక అస్థిపంజరాన్ని అట్టిపెట్టుకున్నదీ ఆ ఆసుపత్రే.

1893 షికాగో ప్రపంచ ప్రదర్శన స్ఫూర్తితో ఊరూరా తిరిగే కార్నివాల్ కంపెనీలు పుట్టాయి. గుడారం ముందు మాటకారి జనాన్ని పోగుచేస్తే, లోపల ప్రదర్శకులు తమ ఫొటోలు అమ్ముకునేవారు. అలా సంపాదించిన చాలామంది ఫ్లోరిడాలోని గిబ్సన్‌టన్‌లో ఇళ్లు కట్టుకున్నారు. అదే రాష్ట్రంలో వికలాంగులను డబ్బుకు ప్రదర్శించడాన్ని నిషేధిస్తూ 1921లో చేసిన చట్టంపై ప్రదర్శకులే కోర్టుకెక్కగా, 1972లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వారి గౌరవం కాపాడతామన్న చట్టం వారి సంపాదననే నిషేధించింది తప్ప, ఒప్పందాల్లో వారికి దక్కాల్సిన వాటా గురించి పట్టించుకోలేదు.