దేవుడికి పెట్టే పువ్వల్లా కూరకు పనికిరాదు

బతుకమ్మ దగ్గర పడిందంటే చాలు, నల్లగొండ, పాలమూరు గ్రూపుల్లో ఓ వాట్సాప్ మెసేజ్ మళ్లీ లేస్తుంది. దాని సారం ఇది: దేవుడికి పెట్టే పువ్వు ఏదైనా మందే, కాబట్టి తినొచ్చు. అనుమానముంటే ఉడికించండి, విషం పోతుంది. పిట్టలు తినేది మనకూ మంచిదే. పెరట్లో పెంచినదైతే పురుగుమందుల భయం లేదు. చింతచిగురు తింటే, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర పోయే జబ్బు నయమైపోతుంది. చివర్లో "మన పెద్దలు పిచ్చోళ్లా?" అని ఓ ప్రశ్న.

పిచ్చోళ్లు కారు. అందుకే గన్నేరు వండలేదు.

దేవుడికి పెట్టే పువ్వు ఏదైనా తినొచ్చన్న ఆ మొదటి మాటే అన్నిటికన్నా ప్రమాదం. వినాయక చవితి నాటి మన ఇల్లే చూడండి. ఇరవై ఒక్క పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉంటాయి. అవి పీఠం మీదికి పోతాయి. అదే రోజు తుమ్మికూర తెచ్చి వండుకుంటాం, అది పొయ్యి మీదికి పోతుంది. ఏది ఎక్కడికి పోవాలో పెద్దలకు బాగా తెలుసు. మెసేజ్ రాసినాయన రెండూ కలిపేశాడు.

గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. అందులో ఉండేవి గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తాయి. పసుపు పూలు పూసే పచ్చగన్నేరు గింజ కూడా ప్రాణం తీసేదే. ఉమ్మెత్త తింటే నోరు ఎండిపోతుంది, చూపు మసకబారుతుంది, మనిషి లేనివి ఉన్నట్టు మాట్లాడతాడు. 2024 మేలో కేరళలోని తిరువాన్కూర్ దేవస్వం బోర్డు తన గుళ్లలో నైవేద్యానికి, ప్రసాదానికి గన్నేరు పూలు వాడొద్దని నిర్ణయించింది. ఆ చెట్టు ఆకు నమిలి ఓ యువతి చనిపోయిందన్న అనుమానం వచ్చాక తీసుకున్న నిర్ణయమది. పూజకు మాత్రం అడ్డు చెప్పలేదు.

బతుకమ్మ పూల సంగతి కొంచెం వేరు. తంగేడు పూలు ఎండబెట్టి కషాయం కాచుకునేవాళ్లున్నారు. గునుగు లేత ఆకు కూరగా వండుతారు. గుమ్మడి పువ్వు సరేసరి. కానీ బజారులో కట్టలు కట్టి అమ్మే ఎర్ర, ఆకుపచ్చ గునుగు పూలను ఓసారి వేళ్లతో నలపండి. చేతికి రంగు అంటుకుంటుంది. తెల్ల గునుగును రంగునీళ్లలో ముంచి ఆరబెట్టినవి అవి. బతుకమ్మ పేర్చడానికి బాగుంటాయి గానీ అన్నంలోకి ఎందుకు?

నిజానికి మన దగ్గర పూల వంట చాలానే ఉంది, ఆ మెసేజ్‌లో ఆ ఊసే లేదు. మునగ పువ్వును పెసరపప్పుతోనో గుడ్డుతోనో వేపుడు చేసుకోవచ్చు. వేప పువ్వు ఉగాది పచ్చడితో అయిపోదు, ఎండబెట్టి దాచుకుంటే నేతిలో వేయించి చారులో వేసుకోవచ్చు. అవిశ పువ్వులో నడుమనున్న కాడ తీసేయాలి, లేకుంటే చేదు. అరటి పువ్వయితే ఒక్కో పువ్వులోంచి గట్టి కాడనూ, అడుగున ఉండే పల్చటి రేకునూ లాగేస్తూ కూర్చోవాలి. ఓపిక లేనివాళ్లకు ఆ కూర కాదు. గుమ్మడిలో మగపువ్వే కోయాలి. సన్నటి పొడుగాటి కాడ ఉండి, పువ్వు అడుగున బుడిపె లేకుంటే అది మగది. బుడిపె ఉన్నది పిందె, దాన్ని తెంపితే కాయ పోయినట్టే. మగపూలు కూడా అన్నీ తెంపొద్దు, తేనెటీగలకు కొన్ని వదలాలి. పొద్దున్నే విచ్చినప్పుడు కోసి, లోపల చీమలున్నాయేమో దులిపి, నడుమ పసుపు కాడ విరిచేసి, శనగపిండి జారుగా కలిపి ముంచి నూనెలో వేస్తే బజ్జీ కరకరలాడుతుంది. పిండి చిక్కగా ఉంటే పువ్వు రుచి అసలు తెలియదు. ఏ పువ్వు, అందులో ఏ భాగం, ఎలా బాగుచేయాలి, ఈ మూడూ తెలిసి వండినదే పెద్దల వంట.

ఆకుల దగ్గరా ఇదే తంతు. "వాకిట్లో మొలిచిన ఆకల్లా కూరే" అని మెసేజ్‌లో ఓ వాక్యముంది. గంగవాయిలి పక్కనే నేలను అంటుకుని పాకే పాలమొక్కలు కొన్ని మొలుస్తాయి, దూరం నుంచి చూస్తే అదే అనిపిస్తాయి. కాడ విరవండి. గంగవాయిలి కాడ దళసరిగా ఉండి నీళ్లే వస్తాయి. తెల్లటి పాలు కారితే పారేయండి.

ఉడికిస్తే విషం పోతుందన్న మాట చామాకు నుంచి వచ్చి ఉంటుంది. చామాకును చింతపండు వేసి బాగా ఉడికిస్తే గొంతు దురద తగ్గుతుంది, నిజమే. గన్నేరు విషం మాత్రం ఉడికించినా, ఎండబెట్టినా పోదు.

పిట్టల లెక్కయితే ఒక్క ముక్కలో తేలిపోతుంది. పచ్చగన్నేరు పండు కోయిల తింటుంది. మీరు తింటారా?

ఇక పెరట్లో పెంచిన పువ్వు. మీరు మందు కొట్టకపోవచ్చు. గోడ అవతల పత్తి చేను ఉందా? మన జిల్లాల్లో చాలా ఊళ్లలో ఉంటుంది. గాలి ఇటు తిరిగిన రోజు అక్కడ కొట్టిన మందు మీ పుదీన మీద కూడా పడుతుంది. నర్సరీ గులాబీది మరో కథ. కడియం నుంచి లారీలో వచ్చిన మొక్క మీ కుండీలోకి రాకముందు దానికి ఏమేం కొట్టారో మీకు తెలియదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు మొక్క లోపలికి ఎక్కి పసరుతో పాటు తిరుగుతుంది. ఉప్పునీళ్లలో కడిగితే పైన ఉన్న దుమ్ము, కొంత మందు పోతాయేమో గానీ, రేకు లోపలికి చేరింది పోదు. కొత్తగా కొన్న మొక్క మొదటి పూలు జడలోకే పెట్టుకోండి. పూలకొట్టు గులాబీలతో గుల్కంద్ చేయమనే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అవి తినడానికి పెంచిన పూలు కావు.

చివరిది ఫ్లోరైడ్. ఆ జబ్బు పీడించిన నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఈ మాట తేలిగ్గా అనే హక్కు ఎవరికీ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల 2002 నాటి అధ్యయనంలో చింతపండు తీసుకున్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. ఈ మెసేజ్‌కి ఆధారం ఏదైనా ఉందంటే బహుశా అదే. అది చింతపండు, చిగురు కాదు. పైగా ఫ్లోరైడ్ బయటికి పోవడం వేరు, వంకర పోయిన ఎముక తిరిగి సాపు కావడం వేరు. ఆ రెండోది జరిగిందని ఆ అధ్యయనం చెప్పలేదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పనికిరావని మన దేశ ప్రమాణం. దాన్ని దాటిన బోరునీళ్లు తాగుతూ చిగురు పప్పు తింటే వచ్చేది రుచి ఒక్కటే. ముందు మార్చాల్సింది నీళ్లు.