చెప్పులో దొరికిన వజ్రం, గండిపేట నీళ్లు

దాదాపు 185 కేరట్ల వజ్రం. పేరు జాకబ్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ముచ్చటపడి బేరం చేశాడు, ఆ బేరం కోర్టుకెక్కి పరువు తక్కువ పని అయ్యేసరికి దాని మొహం చూడబుద్ధి కాక పక్కన పడేశాడు. ఆయన పోయిన చాలా రోజులకు, తండ్రి పాత చెప్పులో వేళ్లు పెట్టుకునే చోట ఆ రాయి కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందనీ, ఆయన దాన్ని బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడనీ చెబుతారు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసింది ఈయనదే. 1995లో కేంద్రం నిజాం నగలు 173 కలిపి దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు జాకబ్ కూడా వాటితోపాటు వచ్చింది. ఇప్పుడది రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉంది. ఎప్పుడో ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో పెడితే జనం క్యూ కట్టి చూసి వచ్చారు, అంతే.

ఆ వజ్రం లేకపోతే హైదరాబాద్‌లో ఏ ఇంట్లో పొయ్యి ఆగుతుంది? గండిపేట చెరువు లేకపోతే మాత్రం చాలా ఇళ్లలో ఆగేది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని మింగేసిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఆయన సలహా మీద 1920కల్లా మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ కట్టారు, అదే గండిపేట. మరో ఏడేళ్లకు ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ పూర్తి చేశారు. అటు వరద ఆగింది, ఇటు ఊరికి మంచినీళ్లు వచ్చాయి. గండిపేట నీళ్లు తాగినోళ్లు ఈ ఊరు వదలరని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుని పైకొచ్చిన పేదింటి పిల్లలు ఎంతమందో, ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాణం నిలుపుకున్నవాళ్లు ఎంతమందో ఎవరు లెక్కపెట్టగలరు.

ఇది చెప్పి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. ఆ నిజాం ఖజానా ఆకాశం నుంచి ఊడిపడలేదు. నిజాం సొంత ఖర్చులకని ఉంచుకున్న సర్ఫేఖాస్ భూములు, జాగీర్లు, దేశ్‌ముఖ్‌ల గడీలు, వాటి కింద కూలి లేకుండా వెట్టి చేసిన కులాలు, నాగులు, అంటే వడ్డీకి ధాన్యం అప్పులు, తెచ్చి శిస్తు కట్టిన రైతులు... వాళ్ల చెమటే అది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడి రాజ్యంలోనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న నాలుగెకరాల మీద పండిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు నిలబడాల్సి వచ్చింది. ఆంధ్ర మహాసభ సంఘం అండగా వచ్చింది, ధాన్యం ఆమె ఇంటికే చేరింది. ఒక పక్క బల్ల మీద కాగితాలకు బరువుగా వజ్రం, ఇంకో పక్క నాలుగెకరాల వడ్ల కోసం ప్రాణాలకు తెగించిన ఒక తల్లి. ఈ రెండూ ఒకే కాలంలో, ఒకే నేల మీద జరిగాయని మేం మళ్లీ మళ్లీ గుర్తుచేస్తాం.

ఆ ఆస్తి కూడా నిలిచిందా అంటే లేదు. 1967లో తాత వారసుడిగా గద్దెనెక్కిన ముకరం ఝా ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫామ్ కొన్నాడు, కోర్టు కేసుల్లో చిక్కుకున్నాడు, ఆస్తులు కరిగిపోయాయి, చివరి ఏళ్లు టర్కీలో గడిపి 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. మక్కా మసీదులో సమాధి చేయడానికి హైదరాబాద్ తీసుకొచ్చారు.

ఇప్పటి సంగతికి వద్దాం. దేశ సంపదలో 40 శాతం, అందరికంటే పైనున్న ఒక్క శాతం ధనవంతుల చేతిలోనే ఉందని 2024లో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్కగట్టింది. అదే ఏడాది ముంబయిలో నెలల తరబడి సాగిన ఒక పెళ్లిని మనమంతా ఫోన్లలో చూశాం. డబ్బున్నవాళ్ల మీద మాకు ఏడుపు లేదు. మా బాధల్లా అది చూసిన తర్వాత మన ఇళ్లలో జరుగుతున్న దాని గురించి. సంగీత్ లేకపోతే పెళ్లే కాదన్నట్టు, డ్రోన్ తిరగకపోతే తలవంపులన్నట్టు, ఓణీల ఫంక్షన్‌కి కూడా సినిమా సెట్టింగులు వేయిస్తున్నాం. ఉన్న ఎకరంలో అర ఎకరం అమ్మి, మిగతా డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కూతురి పెళ్లి చేసిన తండ్రి, మండపంలో నవ్వుతూ ఫొటోలకు నిలబడి రాత్రంతా క్యాటరింగ్ బిల్లు టెన్షన్‌తో నిద్రపోడు. అప్పు చేసి పప్పుకూడు అన్న మాట పాతబడలేదు, పప్పుకూడు స్థానంలో లైవ్ కౌంటర్లు వచ్చాయి.

ఈమధ్య గండిపేట వైపు ఒక కన్వెన్షన్ హాల్లో పెళ్లికి వెళ్లాం. చేతులు కడుక్కునే చోటు వెనక నాలుగు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టారు. వయసు మళ్లిన ఒకామె కొంగు నడుముకు బిగించి ప్లేట్లు దులుపుతోంది: ముట్టని గులాబ్‌జామ్, సగం కొరికిన రుమాలీ రోటీ, గుత్తి వంకాయ, బిర్యానీ. ఒక ప్లేటులో గులాబ్‌జామ్ అసలు ఎంగిలే కాలేదు. ఆమె దాన్ని ఒక్క క్షణం పట్టుకుని చూసి డ్రమ్ములో వేసింది. ఆ హాలుకు కాస్త దూరంలోనే, ఊరి దాహం తీర్చడానికి కట్టిన చెరువు. దాని చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదని 1996లో 111 జీవో ఇచ్చారు. అయినా ఫామ్‌హౌస్‌లు లేచాయి, రిసార్టులు లేచాయి. 2022లో ఆ ఆంక్షలనే సడలించారు. ఎవరి ముచ్చట కోసం ఎవరి నీళ్లు పణంగా పెడుతున్నామో ప్రభుత్వాలు ఇకనైనా సూటిగా జవాబు చెప్పాలి.

ఇక ఉస్మానియా ఆస్పత్రి. 2020 జులై వానలకు వార్డుల్లో రోగుల మంచాల కింద నీళ్లు పారాయి, పాత భవనానికి తాళం పడింది. కొత్త భవనానికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. జిల్లాల నుంచి రోగిని తెచ్చినవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఆస్పత్రి ఆవరణలో చాప పరుచుకుని, సంచి తల కింద పెట్టుకుని రాత్రులు గడుపుతున్నారు. వాళ్లకు పడుకోవడానికి ఒక కప్పు, తాగడానికి నీళ్లు, బాత్‌రూమ్ కొత్త భవనం ప్లాన్‌లో ఉన్నాయా? ఉంటే ఎప్పటికల్లా ఇస్తారో తేదీతో సహా ప్రకటించండి.