ఐదు రౌండ్లతో లాట్ తేల్చేస్తారట!

పాయింట్ టూ టూ రైఫిల్‌కి రౌండ్లు (తూటా, మందు కలిసి ఉండే కార్ట్రిడ్జ్‌లు) ఎలా ఎంచుకోవాలో చెప్పే ఒక మెసేజ్ ఈ వారంలో నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట పాత రూమ్మేట్ పంపాడు, తర్వాత రేంజ్ గ్రూపులో ఇద్దరు, నిన్న రాత్రి ఒక తండ్రి. "పాయింట్ టూ టూ షూటర్లకు ఎనిమిది రహస్యాలు, పది మందికీ పంపండి" అని మొదలవుతుంది. మూడుసార్లు చదివి వదిలేశాను. నాలుగోసారి మాత్రం కింద ఒక ఫోటో, ఒక వాక్యం ఉన్నాయి. "సార్, ఇందులో చెప్పినట్టే టెస్ట్ చేసి పాపకి ఒకే లాట్‌లో ఐదు వేల రౌండ్లు తీసుకున్నాం. మంచి పనే కదా?" లాట్ అంటే ఒక విడత సరుకు, వివరం తర్వాత చెప్తాను.

ఫోటోలో ఐదు రంధ్రాలు ఒకదాన్నొకటి తినేసి వేరుశనగ కాయ ఆకారంలో ఉన్నాయి. చూడ్డానికి చాలా అందంగా ఉంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు మెసేజ్ ఏమంటుందో చెప్తాను. ఖరీదైన పెట్టే కొనాలట. హైవెలాసిటీ (ఎక్కువ వేగపు) రౌండు గాలికి తక్కువ పక్కకి పోతుందట. ప్రతి రకానికీ ఐదు షాట్లు వేసి చిన్న గ్రూపు (రంధ్రాల గుంపు) వచ్చినది కొనెయ్యాలట. పెట్టె మీద లాట్ నంబరు కంపెనీల వ్యాపార కిటుకట. బ్రాండ్ మార్చినప్పుడల్లా బ్యారెల్ అద్దంలా తుడిచి, మొదటి షాట్ నుంచే లెక్క పెట్టాలట. రౌండ్లు ఫ్రిజ్‌లో దాచాలట. తూకం వేసి వేరు చేస్తే చవక రౌండు పోటీల్లో వాడే మ్యాచ్ రౌండు అయిపోతుందట. చివరగా, వీటన్నిటికన్నా ముందు మీ పట్టు సరిచేసుకోవాలట.

ఫ్రిజ్ సంగతి ఒక్క మాటలో తేలుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం చల్లటి పెట్టె బయటికి తీసి చూడండి, సీసం మీద మైనం పూత చెమట పట్టి ఉంటుంది. ఆ తడితోనే బ్యారెల్‌లోకి పంపుతారా? అల్మారాలో నీడన పెట్టుకోండి, చాలు.

తూకం కూడా అంతే. రౌండు మొత్తాన్ని తూస్తే ఇత్తడి గొట్టం తేడా ఎంతో, మందు తేడా ఎంతో కాటా చెప్పదు. రిమ్‌లో, అంటే గొట్టం అడుగు అంచులో, మంట రాజేసే ప్రైమింగ్ మందు చుట్టూతా సమంగా పరుచుకుందా లేదా అన్నది అసలే చెప్పదు. పాయింట్ టూ టూ లాంటి రిమ్‌ఫైర్ రౌండులో మంట పుట్టేది అక్కడే. రెండు సాయంత్రాలు కాటా ముందు కూర్చునే ఓపిక ఉంటే ఆ సమయం డ్రై ప్రాక్టీస్‌కి (రౌండు వెయ్యకుండా చేసే సాధనకి) ఇవ్వండి.

హైవెలాసిటీ మాట వినడానికి నిజంలాగే ఉంటుంది. వేగంగా పోతే గాలికి చిక్కే సమయం తక్కువ కదా అనిపిస్తుంది. కానీ తూటాను పక్కకి నెట్టేది ప్రయాణ సమయం కాదు, దారిలో అది పోగొట్టుకునే సమయం, అంటే గాలి అడ్డు లేకపోతే పట్టే సమయం కన్నా అదనంగా పట్టేది. మ్యాచ్ రౌండు సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో, అంటే ధ్వని కన్నా తక్కువ వేగంతో బయల్దేరుతుంది. హైవెలాసిటీ రౌండు 380 దగ్గర బయల్దేరి, ధ్వని వేగానికి పైన గాలి అడ్డు ఒక్కసారిగా పెరగడంతో వేగం ఎక్కువ పోగొట్టుకుని, 50 మీటర్లు చేరేసరికి ధ్వని వేగం దగ్గరికి దిగిపోతుంది.  వేగం అంత పోగొట్టుకుంటుంది కాబట్టే ఒకే గాలిలో అది నెమ్మది రౌండు కన్నా ఎక్కువ పక్కకి పోతుంది. మ్యాచ్ రౌండ్లు ధ్వని కన్నా కిందే ఎందుకు ఉంటాయో ఇది రాసినవాళ్ళు ఒక్క నిమిషమైనా ఆలోచించారా?

ఖరీదు గురించి చెప్పాలంటే, ఎలీ కంపెనీ టెనెక్స్ అయినా, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీలవైనా పై తరగతి రౌండు తయారీలో ఎక్కువ జాగ్రత్త పడతారు, అందులో అనుమానం లేదు. సగటున అది మెరుగే. కానీ మీ ఛాంబర్‌కి (రైఫిల్‌లో రౌండు కూర్చునే చోటుకి), మీ బ్యారెల్‌కి అది నప్పుతుందో లేదో ధర చెప్పదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్ళు రెండు పక్కపక్కనే పెట్టి ఒకే పెట్టెలోంచి కాల్చాం. ఒకటి ముద్దలా కూర్చింది, రెండోది నిలువుగా పరిచింది.

దీన్నుంచే లాట్ సంగతి వస్తుంది. లాట్ అంటే ఒకే విడతలో, ఒకే మందు, ఒకే ప్రైమింగ్‌తో తయారైన సరుకు. అది మారితే పెట్టె రంగు అదే, పేరు అదే, లోపల రౌండు వేరే. ఎలీ పెట్టె మీదైతే లాట్ నంబరుతో పాటు ఆ లాట్ వేగం కూడా అచ్చు వేస్తారు. లాపువా వాళ్ళు జర్మనీలోని షోనెబెక్‌లో, ఎలీ వాళ్ళు ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర టెస్ట్ రేంజ్‌లు పెట్టుకున్నారు. షూటర్లు సొంత రైఫిల్ మోసుకెళ్ళి, దాన్ని బిగించి, లాట్ తర్వాత లాట్ కాల్చి, నచ్చిన నంబరు కొనుక్కొస్తారు. ఇదంతా కిటుకేనా?

ఒక లెక్క చెప్తాను. సెకనుకు పది మీటర్లు తక్కువ వేగంతో బయటకొచ్చిన తూటా 50 మీటర్ల దగ్గర సుమారు 8 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మన టార్గెట్ మీద రింగుకీ రింగుకీ దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. అంటే మీరు ఏ తప్పూ చెయ్యకుండానే ఒక రింగు పోయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీలో, మన జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయారు. కాంస్యానికి తేడా 1.9 పాయింట్లు. క్వాలిఫికేషన్‌లో ఇంకో రెండు తొమ్మిదులు పదులై ఉంటే ఆ పతకం ఆయనది. ఈ ఆటలో ఒక రింగు అంటే అంత.

ఇప్పుడు ఆ ఐదు షాట్ల రహస్యానికి వస్తాను. మెసేజ్‌లో దీనికి ఒక సామెత కూడా తగిలించారు. "అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు" అట. గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి అక్కడ ఒక్క మెతుకు చాలు. ఇక్కడ ప్రతి మెతుకుకీ వేరే పొయ్యి! ప్రతి రౌండూ తన మందు, తన ప్రైమింగ్, తన సీసం తనే తెచ్చుకుంటుంది.

ఎనిమిదేళ్ళ క్రితం నేనూ ఇదే చేశాను కాబట్టి ఇంత బాధ. ఒక కొత్త లాట్, రైఫిల్‌ని బెంచ్ మీద ఆనించి ఐదు షాట్లు, దూరంగా పడ్డ రెండు రంధ్రాల కేంద్రం నుంచి కేంద్రానికి 7 మిల్లీమీటర్ల గ్రూపు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఊరంతా చూపించాను. లైసెన్సు మీద ఆ ఏడాదికి మిగిలిన కోటా అంతా ఆ లాట్‌కే పెట్టేశాను. తర్వాత స్కోర్లు పడుతుంటే నన్ను నేను తిట్టుకున్నాను, ట్రిగ్గర్ మార్చాను, స్లింగ్ (రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీ) మార్చాను. చివరికి ఒక ఉదయం అదే పెట్టెలోంచి వరసగా పది గ్రూపులు, ఒక్కోటి ఐదు షాట్లు వేశాను. చిన్నది 8 మిల్లీమీటర్లు, పెద్దది 19. రైఫిల్ అదే, బెంచ్ అదే, లాట్ అదే, మనిషి అదే. ఐదు షాట్ల గ్రూపు అంతగా ఊగుతుంది. పెద్దది చిన్నదానికి రెట్టింపు కావడం వింతేమీ కాదు.

ఇప్పుడు పది లాట్లు తెచ్చారనుకోండి. పదీ ఒకే నాణ్యతవే అనుకోండి. ఒక్కోదానికి ఒక్క గ్రూపు వేస్తే ఒకటి 8 వస్తుంది, ఒకటి 19 వస్తుంది. మెసేజ్ ప్రకారం 8 వచ్చినదాన్ని నెత్తిన పెట్టుకుని, 19 వచ్చినదాన్ని పారేస్తారు. అది టెస్టా, లక్కీ డ్రానా? పైగా "ఒక షాట్ పక్కకి పోతే అది మీ తప్పు, లెక్క నుంచి తీసెయ్యండి" అని కూడా రాశారు. బెంచ్ మీద కాల్చినప్పుడు ఆ పక్కకి పోయిన షాటే కదా లాట్ గురించి మీకు నిజం చెప్పేది! దాన్నే తీసేస్తే ఇంక టెస్ట్ ఎందుకు, కళ్ళు మూసుకుని కొనండి.

ఎలా చెయ్యాలో చెప్తాను. లాట్‌కి కనీసం పది షాట్ల గ్రూపులు నాలుగు. పది షాట్ల గ్రూపు ఐదు షాట్ల గ్రూపు కన్నా సగటున పావు వంతు పెద్దగా వస్తుంది, భయపడకండి. ఒక లాట్ మొత్తం ఉదయం, ఇంకోటి మధ్యాహ్నం వద్దు, గాలీ ఎండా మారిపోతాయి. ఒకటో లాట్ ఒక గ్రూపు, రెండోది ఒక గ్రూపు, మూడోది ఒక గ్రూపు, మళ్ళీ మొదటికి. అలా తిప్పండి. గ్రూపు వెడల్పు ఒక్కటే చూడకుండా ప్రతి షాటూ గ్రూపు కేంద్రానికి ఎంత దూరంలో పడిందో సగటు తీయండి. వెడల్పు రెండు షాట్లే చెప్తుంది, సగటు నలభై షాట్లూ చెప్తుంది. నలభై షాట్లలో ఏదీ తీసెయ్యకండి.

బ్రాండ్ మార్చినప్పుడు బ్యారెల్ అద్దంలా తుడవాలన్న మాట ఈ తిప్పడానికే అడ్డం. ఒక్కో బ్రాండుకీ ఒక్కో రకం మైనం పూత ఉంటుంది. కొత్త బ్రాండు వేసినప్పుడు బ్యారెల్ లోపల పాత పూత పోయి కొత్తది పట్టేదాకా షాట్లు కుదురుగా ఉండవు. తుడిచేసినా అంతే, అప్పుడు వట్టి బ్యారెల్ మీద పూత కొత్తగా పట్టాలి. బ్రాండు మారిన ప్రతిసారీ నేను పదిహేను రౌండ్లు లెక్కలోకి తీసుకోకుండా పక్క కాగితం మీద కాలుస్తాను. ఆ పదిహేను దండగ అనిపిస్తే, ఒకే బ్రాండులోని లాట్లు మాత్రమే టెస్ట్ చేసుకోండి.

ఇక ఎనిమిదోది. "ముందు పట్టు సరిచేసుకోండి" అన్నదాన్ని కూడా ఉతికి ఆరేద్దామనే నోట్‌బుక్ తీశాను. తీశాక ఒప్పుకోవాల్సి వచ్చింది. అది నిజం. స్లింగ్ వేసుకుని ప్రోన్‌లో పడుకుంటే నా పది షాట్ల గ్రూపు సగటు 28 మిల్లీమీటర్లు. అదే లాట్ బెంచ్ మీద 16. నా తేడా, రౌండు తేడా నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. 16 లాట్ వదిలేసి 13 వచ్చే లాట్ కొన్నా నా 28 కాస్తా 26 అవుతుంది. అంతే! ఆ డబ్బుతో ఒక షూటింగ్ జాకెట్ సరిచేయించుకుని రోజూ అరగంట రైఫిల్ కదలకుండా పట్టే హోల్డ్ ప్రాక్టీస్ చేసి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేది. ఇది రాసినవాళ్ళు ఎవరో కానీ ఈ ఒక్క మాటా మొదట పెట్టి, మిగతా ఏడూ మానేసి ఉంటే నేనే పది మందికీ పంపేవాణ్ణి.

అయితే ఫోటో పంపిన ఆ తండ్రి పాప సంగతి వేరు. ఆ పిల్ల ప్రోన్‌లో అరవై షాట్లకి, దశాంశాలతో లెక్కించే స్కోరులో, 615 దాటుతోంది. షాట్ కేంద్రం 8 మిల్లీమీటర్ల లోపు ఉంటేనే పది, ఆ పిల్ల షాట్లలో ఎక్కువ భాగం అక్కడే పడుతున్నాయి. పట్టు కుదిరిన చోటే లాట్ తేడా బయటపడేది. ఇప్పుడా పిల్ల చేతికి ఐదు రంధ్రాలు చూసి కొన్న ఐదు వేల రౌండ్లు వచ్చాయి. అవి బాగోవని నేను అనడం లేదు. బాగున్నాయో లేదో ఆ ఫోటో చెప్పదంటున్నాను.

పొద్దున్నే ఫోన్ చేశాను. "సార్, తప్పు చేశామా?" అన్నాడాయన. ఇంకా తెలీదన్నాను. ఇంట్లో పాత లాట్‌వి రెండు పెట్టెలు మిగిలాయట, బ్రాండ్ అదే. వాటిని ముట్టుకోవద్దని చెప్పాను. ఆదివారం ఆరున్నరకి, గాలి లేవకముందే, ఆ రెండు పెట్టెలూ కొత్తవి రెండూ తీసుకుని రేంజ్‌కి రమ్మన్నాను. పాత లాట్ పది, కొత్త లాట్ పది, మళ్ళీ పాతది. ఒక్కోదానికి నలభై షాట్లయ్యాక కూర్చుని లెక్క వేస్తాం. పాపని ఆ ఫోటో కూడా తెమ్మన్నాను, కొత్త లాట్ గ్రూపులు నాలుగూ దాని పక్కనే అంటించి చూపించాలి.