పండితుడి ఓటు బ్యాంకు

రాజనీతి శాస్త్రవేత్త జన్మంతా చెప్పేది ఒకటే. ఓట్లు ఎన్నొచ్చాయన్నది ఒక ప్రశ్న, ఎందుకొచ్చాయన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి గుమస్తా చాలు, రెండోదానికే తను కావాలి. ఆయన జీతం నడిచేది ఈ మాట మీదే. అలాంటి పెద్దమనిషి తన పరిశోధన విలువ తేల్చాల్సి వచ్చేసరికి మాత్రం ఆ గుమస్తానే పిలిచి, ఎన్ని సైటేషన్లు, అంటే ఇతరుల రచనల్లో తన రచన ప్రస్తావనలు, పడ్డాయో లెక్కపెట్టమంటాడు. ఎందుకు పడ్డాయని అడగడం మర్యాద కాదు.

నాకైతే ఇందులో తప్పేమీ కనిపించలేదు. చదవడమంటే మాటలా? సెలక్షన్ కమిటీ అభ్యర్థుల పుస్తకాలన్నీ చదువుతూ కూర్చుంటే, ఉద్యోగం ఇచ్చేనాటికి వాళ్లకు రిటైర్మెంట్ వయసొస్తుంది. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ బాధ తీర్చాడు. మీ పరిశోధన పేపర్లలో 12 పేపర్లకు తలా 12 సైటేషన్లైనా ఉండి, 13కి 13 లేకపోతే మీ హెచ్-ఇండెక్స్ 12. తన శాస్త్రంలో 12 ఉంటే ఉద్యోగం ఖాయం చేయొచ్చనీ, 18 ఉంటే ప్రొఫెసర్‌ని చేయొచ్చనీ ఆయనే ఉజ్జాయింపుగా చెప్పాడు. అణువుల వాళ్ల కొలబద్దతో పార్లమెంట్ల వాళ్లను కొలవడం అలా మొదలైంది. చిన్న చిక్కల్లా ఏమిటంటే, పదేళ్లు తలుపేసుకుని ఒక్కటే పుస్తకం రాసి, దానికి పదివేల సైటేషన్లు తెచ్చుకున్నవాడి హెచ్-ఇండెక్స్ ఒకటి. అక్షరాలా ఒకటి. అదే పుస్తకాన్ని పన్నెండు ముక్కలు కోసి పన్నెండు పత్రికలకు పంచి ఉంటే బాగుపడేవాడు. అంతమాత్రం ముందుచూపు లేనివాడికి ప్రమోషన్ దేనికి?

ఈ రంగంలో పెద్దపెద్దవాళ్లు పుస్తకాల వాళ్లే. సైటేషన్లు లెక్కపెట్టే వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేస్‌లో పుస్తకాలకంటూ ఒక సూచిక 2011లో గానీ రాలేదు. అప్పటిదాకా పుస్తకంలోని ఫుట్‌నోట్ అంటే, ఓటర్ల జాబితాలో పేరు గల్లంతైన ఓటరు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇక్కడ నోటా లేకపోవడం. 1989లో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఫుకుయామా చరిత్ర ముగిసిందా అంటూ ఒక వ్యాసం రాశాడు. అది తప్పని రాసి పైకొచ్చినవాళ్లు ఎందరో. తిట్టాలన్నా పేరు రాయాల్సిందే, పేరు రాస్తే ఓటు పడ్డట్టే. నిజానికి ఈ లెక్కలకు ఆద్యుడైన యూజీన్ గార్ఫీల్డ్ 1955లో సైటేషన్ల సూచిక కావాలన్నది కూడా పాత పేపర్‌ని తర్వాత ఎవరు ఎక్కడ విమర్శించారో పట్టుకోవడానికి. ఇప్పుడు విమర్శ ఎక్కడుందో ఎవరికీ అక్కర్లేదు. ఎన్ని ఉన్నాయో చెబితే చాలు.

ఇక పొత్తుల సంగతి. నువ్వు నన్ను ఉటంకించు, నేను నిన్ను ఉటంకిస్తా అన్నది సీట్ల సర్దుబాటు. పేపర్ అచ్చుకు ముందు పరీక్షించే, పేరు చెప్పని రిఫరీ "పేపర్ బాగుంది, కానీ ఈ నాలుగు కీలక రచనలు విస్మరించారు" అని రాస్తాడు. నాలుగూ ఒకే చేతి రాత. రహస్య బ్యాలెట్ అంటే ఇదే కాబోలు. 2010లో ఫ్రాన్స్‌లోని ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త అయితే ఏకంగా లేని మనిషినే నిలబెట్టాడు. యంత్రం అల్లిన అర్థంలేని పేపర్లు ఒకదాన్నొకటి ఉటంకించుకునేలా పేర్చి, పరిశోధనలు వెతికిపెట్టి సైటేషన్లు లెక్కపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఆ లేనివాడికి 94 హెచ్-ఇండెక్స్ తెప్పించాడు. ఐక్ ఆంట్‌కేర్ అని పేరు పెట్టాడు. గబగబా పలికి చూడండి, ఇంగ్లిష్‌లో 'ఐ కాంట్ కేర్', అంటే 'నాకు పట్టదు' అని వినబడుతుంది. మనం దొంగ ఓటర్లను చూశాం గానీ దొంగ అభ్యర్థి గెలవడం చూడలేదు.

మా మిత్రుడొకడున్నాడు, ఎన్నికల అక్రమాల మీద నిపుణుడు. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "సైటేషన్ వచ్చిందిరా" అన్నాడు, మనవడు పుట్టినంత సంబరంగా. ఫోన్ పెట్టకుండానే ఇద్దరం ఆ పేపర్ తెరిచాం. మొదటి వాక్యం: "ప్రజాస్వామ్యం సంక్లిష్టమైనది." ఇంతటి రహస్యానికి సాక్ష్యంగా బ్రాకెట్‌లో తొమ్మిది మంది పేర్లు, కిక్కిరిసిన బస్సులో నిలబడ్డట్టు. ఆరోవాడు మావాడు, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుతో. కింద ఎక్కడా మళ్లీ లేడు.

"ఇంతకీ నీ పేపర్ చదివే రాశాడంటావా?" అన్నాను.

"పడిందా లేదా?" అన్నాడు.

పడింది. 212 అయింది. తెల్లారేసరికి గూగుల్ స్కాలర్ అతని పాత పేపర్‌ని ఉటంకించిన రెండు నకళ్లను ఒకటిగా కలిపేసింది, మళ్లీ 211. రీకౌంటింగ్‌కి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో తెలియక ఆ పూటంతా తిండి మానేశాడు. సాయంత్రానికి తేరుకుని, రాస్తున్న కొత్త పేపర్ తెరిచి, అందులో తన పాత పేపర్లు ఏడింటిని ఉటంకించాడు. కొత్త పేపర్ దేని గురించని అడిగాను.

పోలింగ్ బూత్‌ల ఆక్రమణ గురించిట.