ఒకటికి మూడు

మా నాయన మేస్త్రీ. కడపలో ఎర్రముక్కపల్లె నుంచి దేవుని కడప దాకా ఆయన లేపిన గోడలు ఉన్నాయి. బండి మీద పోతూ పోతూ ఏదో ఒక ఇంటి ముందు ఆపి, ఒక కన్ను మూసి, గోడ నిటారుగా ఉందో లేదో చూసుకుంటే గానీ ముందుకు కదలడు. పెళ్ళికి పోయినా అంతే. అక్షింతలు చేతిలో ఉండంగానే మండపం స్తంభాన్ని వేలితో తట్టి చూస్తాడు.

సొంతిల్లు మాత్రం 12 ఏండ్లుగా కడుతూనే ఉన్నాడు. మంది పనులు పోంగా మిగిలిన ఆదివారాలు, మంది ఇండ్లలో మిగిలిన బండలు, అవే మా ఇల్లు. మా వంటింట్లో నాలుగు రకాల కడప బండలు ఉన్నాయి, నాలుగూ నాలుగు ఇండ్లవి.

అక్కకు సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడే ముందుచూపుతో బీరువా కొన్నాడు. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, నిలువుటద్దం. అప్పటికి వెనక గదికి మూడు గోడలే. బీరువాను అక్కడ నిలబెట్టి, పట్ట కప్పి, నాలుగో గోడ లేపినాడు. దానికి రెండున్నర అడుగుల తలుపు పెట్టినాడు. తలుపుకు ఎదురుగా, జానెడు జాగా కూడా పోనీకుండా మిద్దె మెట్లు కట్టినాడు. దేనికదే చూస్తే ఒక్క పనికీ వంక పెట్టలేం.

పెండ్లయినాక ఒక ఆదివారం బావావాళ్ళు ప్రొద్దుటూరు నుంచి చిన్న లారీ తెచ్చినారు. సాయంత్రం నాలుగున్నరకు రాహుకాలం, ఆ లోపలే సారె కదలాల. ఆరుగురు కలిసి బీరువాను పక్కకు తిప్పినారు, వంచినారు, పండబెట్టినారు. తల తలుపు దాటేలోపల మెట్లు తగులుతాయి. కిటికీ చూస్తే రెండున్నర అడుగులే.

"ఏం బావా, లోపలికి ఎట్ల పోయిందో అట్లే తీయండి" అన్నాడు మా బావ చిన్నాయన.

"అది లోపలికి యాడ పోయిందన్నా! గదే దాని చుట్టూ వచ్చింది" అనింది అమ్మ.

ఇంక వీధివైపు గోడ పగలగొట్టాల్సిందే. అసలు సంగతి అక్కడే ఉంది. 9 ఇంచుల గోడకు మంది ఇండ్లలో ఒక తట్ట సిమెంటుకు ఆరు తట్టల ఇసుక కలుపుతాడు నాయన. అది చాలు, అదే లెక్క. మా ఇంటికి మాత్రం "నా బిడ్డలు పండుకునే గది" అని ఒకటికి మూడు కొట్టించినాడు. 21 రోజులు నీళ్ళు పట్టించినాడు. బడికి పోయే ముందు చెంబుతో ఆ గోడ మీద నీళ్ళు కొట్టింది నేనే. నా పాపం కూడా అందులో ఉంది.

సమ్మెట నాయనే పట్టినాడు. పదింటికి మొదలుపెడితే పన్నెండుకు టెంకాయంత బొక్క పడింది. ఇటుక పిండవుతోంది గానీ అతుకు విడలేదు. దెబ్బ వేసినప్పుడల్లా ఆగి, పగిలిన చోట వేలు పెట్టి గీరి, వియ్యంకుల వైపు తిరిగి, "చూసినారా? సిమెంటు ఎట్ల పట్టిందో చూసినారా?" అంటాడు. కండ్లలో మాత్రం నీళ్ళు. అవి దుమ్ముకో, గోడకో, అక్క పోతోందనో ఆయనను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. చిన్నాయన కడప బండ అరుగు మీద కూర్చొని నాలుగోసారి టీ తాగుతున్నాడు.

నాలుగుంబావుకు బీరువా వీధిలోకొచ్చింది. అద్దానికి గీత పడలేదు. లారీ కదిలేటప్పుడు అక్క ఏడ్చింది, అమ్మ ఏడ్చింది. నాయన బొక్క కొలతలు తీసుకుంటున్నాడు.

వారానికి బొక్క పూడ్చడానికి కూర్చున్నాడు. సిమెంటు మూట విప్పుతూ "అన్నా, ఎంత కలపాల? ఒకటికి మూడేనా?" అని అడిగినాడు పనిపిల్లోడు.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాకిట్లో కూర్చొని చదువుకుంటా ఉన్నా. నాయన నా వైపొకసారి, గోడ వైపొకసారి చూసి,

"ఒకటికి పది కలుపురా" అన్నాడు.