పేషెంటుతో మనకేం పని?

గుంటూరు కొత్తపేటలో రెండు ఆసుపత్రుల మధ్య ఒక ల్యాబు, రెండు ల్యాబుల మధ్య ఒక మందుల షాపు, అన్నిటి ముందూ ఒక కొబ్బరి బోండాల బండి ఉంటాయి. విజయవాడ సూర్యారావుపేటదీ అదే వరస. ఇన్ని మంచాలున్న చోట వైద్య నీతి మీద ఎంత లోతైన చర్చ జరుగుతోందో బయటి ప్రపంచానికి తెలియకపోవడం విచారకరం. ప్రతి మంచం పక్కనా పొద్దునా సాయంత్రం సభ ఉంటుంది. అధ్యక్షత బావమరిది. ముఖ్య అతిథి డాలస్ నుంచి వీడియో కాల్‌లో పెద్దబ్బాయి. ప్రధాన వక్త తోడల్లుడు. ఆయన ఒకప్పుడు మందుల కంపెనీ రెప్‌గా ఆర్నెల్లు తిరిగాడు కాబట్టి డాక్టరు కింద లెక్క. వందన సమర్పణ బిల్లింగ్ కౌంటరు. సన్మాన సభలోనైనా ఆఖర్న సన్మానం చేయించుకున్నాయనకి రెండు నిమిషాలు మైకిస్తారు. ఇక్కడ ఆ పొరపాటు జరగదు.

పేషెంటును అడగకుండా ఇంత సాఫీగా నడిచిపోతున్న ఏర్పాటుకు ఒకే ఒక్క అడ్డంకి ఉంది. నర్సు. పెద్ద డాక్టరు రౌండ్స్‌లో మంచం దగ్గర నిలబడేది నిమిషం. ఆ నిమిషంలో పేషెంటు నోరు తెరిచి, నాలుక చాపి ఉంటాడు కాబట్టి మాట్లాడే ప్రమాదం లేదు. మిగతా ఇరవై మూడు గంటల యాభై తొమ్మిది నిమిషాలూ అతని దగ్గరికి వచ్చిపోయేది సిస్టరే. మందు ఆమే ఇస్తుంది, దుప్పటి ఆమే మారుస్తుంది, బెడ్‌పాన్ ఆమే తీయిస్తుంది. మనిషన్నాక ఎవరితోనో ఒకరితో మాట్లాడతాడు కదా, ఆమెతో మాట్లాడతాడు. చిక్కంతా అక్కడే వస్తోంది.

తప్పు ఆమెది కాదు, చదువుది. బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు నాలుగు సూత్రాలు నేర్పుతారు. తన ఒంటి గురించి రోగి తానే నిర్ణయించుకోవాలి, చేసే పని అతనికి మేలు చేయాలి, కీడు చేయకూడదు, అందరికీ న్యాయం జరగాలి. పరీక్షలో రాసుకోవడానికి బాగానే ఉంటాయి. పాసై వార్డులో అడుగుపెట్టిన రోజే ఐదో సూత్రం దానంతటదే తెలిసిపోతుంది: వచ్చినవాళ్లలో డబ్బు కట్టేదెవరో ముందు కనుక్కో. ఈ ఐదోదే మొదట నేర్పితే మిగతా నాలుగింటి ఖర్చు తగ్గుతుంది. విజయవాడలో ఉన్న హెల్త్ యూనివర్సిటీ వారికి ఈ మేరకు నాదొక విన్నపం. 1986లో పెట్టిన ఆ విశ్వవిద్యాలయం 2022లో పేరు మార్చుకుని, 2024లో మళ్లీ పాత పేరే తెచ్చుకుంది. పేరుకే అంత వీలున్నప్పుడు సిలబస్ ఒక లెక్కా?

నేను ప్రతిపాదించే మొదటి పేపరు 'గ్యాస్ ట్రబుల్'.

పల్నాడు నుంచి ఒక పెద్దాయన వచ్చాడనుకోండి. మిరప రైతు. ఊపిరితిత్తుల్లో గడ్డ. రిపోర్టు రాగానే పెద్దల్లుడు సిస్టర్‌ని కారిడార్‌లోకి పిలుస్తాడు. "సిస్టర్‌గారూ, మామయ్యకి చెప్పకండి. తట్టుకోలేడు. గ్యాస్ అని చెప్పాం." ఇంతకీ ఆ మాట చెబుతున్నది ఎక్కడ? గోడ మీద మూరెడు అక్షరాలతో 'క్యాన్సర్ విభాగం' అని రాసున్న బోర్డు కింద. మామయ్య ఎనిమిదో తరగతి దాకా చదివాడు. మిర్చి యార్డులో కమిషన్ ఏజెంటు రాసిచ్చిన చీటీలో నాలుగు కిలోల తేడా ఉంటే కళ్లజోడు లేకుండా పట్టుకునే మనిషి. ఆయన ఆ బోర్డు చదవలేడని అల్లుడి నమ్మకం. కుటుంబ వ్యవస్థ నిలబడేది ఇలాంటి నమ్మకాల మీదే.

రాత్రి రెండింటికి బీపీ చూడ్డానికి వెళ్లిన అమ్మాయిని పెద్దాయన అడుగుతాడు.

"అమ్మాయ్, గ్యాస్‌కి ఎక్కడన్నా జుట్టు ఊడుద్దా?"

అమ్మాయి సెలైన్ చుక్కలు లెక్కపెడుతుంది. చుక్కలు సరిగ్గానే పడుతున్నాయి. అయినా వాచీ పైకి తిప్పి నిమిషమంతా లెక్కపెడుతుంది. పెద్దాయన ఆమె లెక్క పూర్తయ్యేదాకా ఆగి, "సర్లే, నాకు తెలుసని మావాళ్లతో చెప్పమాక. పెద్దమ్మాయి తట్టుకోలేదు" అంటాడు.

పుస్తకం ప్రకారమైతే, జబ్బు పేరు ఆమె చెప్పకూడదు, అది డాక్టరు పని. అబద్ధమూ చెప్పకూడదు. 'మీకేం చెప్పారు తాతా, ఇంకా ఏం తెలుసుకోవాలనుంది' అని అడిగి, ఆయన అన్నది డాక్టరుకు చేర్చి, కేస్‌షీటులో రాయాలి. చాలా ప్రమాదకరమైన పద్ధతి. అడిగితే ఆయన చెబుతాడు. చెబితే వినాలి. వింటే రాయాలి. రాస్తే పొద్దున్నే అల్లుడు వచ్చి, "మా మామయ్యకి చెప్పిందెవరు" అని రిసెప్షన్ బల్ల గుద్దుతాడు. కాబట్టి ఆమె ఏమీ రాయదు. ఎనిమిదింటికి డ్యూటీ మారేటప్పుడు వచ్చిన సిస్టర్ చెవిలో చెబుతుంది: "పన్నెండో బెడ్డు, బీపీ నార్మల్. ఆయనకి తెలుసు. తెలుసని వాళ్లకి తెలీదు. మనకి ఏదీ తెలీదు." మూడు షిఫ్టుల్లో ముగ్గురమ్మాయిలు ఈ ఒక్క గ్యాస్‌ను నెలరోజులు మోస్తారు. ప్రభుత్వం పతకాలిచ్చేటప్పుడు దీన్ని పరిగణనలోకి తీసుకోవాలి.

వినడానికి టైము కూడా ఉండాలనుకోండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో మంచానికొకరు. ఈ అంకెలు మన పేటల్లో ఏ నైట్ డ్యూటీ సిస్టర్‌కైనా చదివి వినిపించండి. పాపం, ఆ నవ్వు చూసైనా పేషెంట్లు కాస్త తేరుకుంటారు. యాభై పడకలు లేని ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20,000కు తగ్గకూడదని 2016లో కేంద్రం వేసిన కమిటీ చెప్పింది. చెప్పడం కమిటీల ధర్మం, వినిపించుకోకపోవడం యాజమాన్యాల ధర్మం. ఎవరి ధర్మం వారు నెరవేర్చారు.

రెండో పేపరు 'ఇక్కడో సంతకం'. ఇది కాస్త కష్టం.

ఆపరేషన్ ముందు రోగి సమ్మతి తీసుకోవాలట. అందుకోసం ఇంగ్లీషులో నాలుగైదు పేజీల కాగితం ఉంటుంది. ఏం చేయబోతున్నారో, దానివల్ల ఏం రావచ్చో, వేరే దారేముందో విడమర్చి చెప్పాల్సింది ఆపరేషన్ చేసే డాక్టరు. ఆయన అప్పటికే లోపల మాస్కు కట్టుకుని ఉంటాడు. అందుకని కాగితం సిస్టర్ చేతికి వస్తుంది. ట్రాలీ మీద పచ్చగౌను వేసుకుని పడుకున్న ఆవిడ బొటనవేలిని సిరా ప్యాడ్ మీద అద్ది, గళ్లు కొట్టిన చోటల్లా వేయిస్తుంది. వేలికంటిన సిరాను ఆవిడ అలవాటుగా తల వెంట్రుకలకు తుడుచుకుని, "ఏం తీస్తారమ్మా?" అని అడుగుతుంది. సిస్టర్ నోరు తెరిచేలోగా జవాబు అత్తగారిస్తుంది. "నీకెందుకే అయ్యన్నీ? డాక్టరుగారు చూసుకుంటారు."

డాక్టరుగారు చూసుకున్నారు కాబట్టే, దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల వాటాలో మన రాష్ట్రం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో అగ్రభాగాన ఉంటోంది. ఏ రంగంలోనైనా ర్యాంకు ర్యాంకే.

ఇలాంటి ప్రగతికి కోర్టులు అడ్డు తగులుతుంటాయి. ఢిల్లీలో సమీరా కోహ్లి అనే ఆవిడ పొట్టలోకి కెమెరా గొట్టం పంపి చూసే లాపరోస్కోపీ పరీక్షకని వెళ్తే, మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదకు వచ్చిన అవసరం లేనప్పుడు, తెలివిలోకి వచ్చి తానే చెప్పగలిగిన మేజర్ బదులు తల్లి పెట్టిన సంతకం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కన్నతల్లి సంతకమే చెల్లకపోతే అత్తగారి గతేమిటి? న్యాయమూర్తులకు గుంటూరు అత్తగార్లతో పరిచయం లేదని మాత్రం అర్థమవుతోంది.

నిజానికి మనం ఎంత ముందుకొచ్చామో చూడాలంటే 1883కి వెళ్లాలి. ఆ ఏడాది అన్నా సారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ గుంటూరు వచ్చింది. ఆమె నిలబెట్టిన ఆసుపత్రిని ఊరు ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటుంది. ఆడవాళ్లు మగ డాక్టరుకు చెయ్యి కూడా చూపించని కాలం అది. ఆడమనిషికి వైద్యం చేయించాలా వద్దా అన్నది ఇంట్లో మగవాళ్లు తేల్చేవారు. ఇప్పుడంత వెనకబాటుతనం లేదు. అత్తగారికీ ఓటుంది.

గోప్యత మీద మూడో పేపరు పెడదామనుకున్నాను గానీ అవసరం లేదు, పుట్టుకతోనే వచ్చిన విద్య. హెచ్‌ఐవీ ఉన్న మనిషి సంగతి అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. మనమెవరికీ చెప్పం. కేస్‌షీటు మీద ఎర్రసిరాతో రాసి, మంచం కాళ్ల దగ్గర తగిలిస్తాం. పక్క బెడ్డు వాళ్లమ్మ వచ్చి అడిగితే "అదేనండీ" అంటాం, అంతే.

ఇక చివరిది ప్రాక్టికల్స్. ఐసీయూలో మొదలవుతుంది.

"అబ్బాయి బయల్దేరాడు. వచ్చేదాకా ఉంచండి." ఈ రెండు ముక్కలూ విజయవాడ ఐసీయూల్లో వినిపించినంతగా ఇంకెక్కడా వినిపించవేమో. అబ్బాయి డాలస్‌లో విమానం ఎక్కి, హైదరాబాద్‌లో మారి, గన్నవరంలో దిగాలి. అందాకా వెంటిలేటర్ పనిచేయాలి. వెంటిలేటర్ ఒక్కటే పనిచేస్తే చాలదు. రెండు గంటలకోసారి పెద్దాయన్ని పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండవుతుంది. గొట్టంలో కఫం లాగాలి, నోరు శుభ్రం చేయాలి, మూతపడని కళ్లు ఆరిపోకుండా చుక్కలు వేయాలి. ఇవన్నీ చేసే అమ్మాయికి ఒక సంగతి తెలుసు. కిందటిసారి చేరినప్పుడు ఆమె గడ్డం గీయిస్తుంటే, "ఈసారి ముదిరితే గొట్టాలు పెట్టించమాకమ్మా, ఇంటికి పంపించండి" అని ఆయనే అన్నాడు. అన్నది నర్సుతో కాబట్టి అనని కిందే లెక్క.

కాగితం మీద రాసుంటే వేరే సంగతి. 2018లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, మళ్లీ కోలుకునే ఆశ లేనప్పుడు ఇలాంటి వైద్యం వద్దని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. 2023లో ఆ పద్ధతిని సులువు కూడా చేసింది: ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. వైద్యం ఆపాలంటే ముందు ఒక డాక్టర్ల బోర్డు, దాని మీద ఇంకో బోర్డు చూడాలి. పెద్దాయన జాగ్రత్తపరుడే. రాజధానికి ఇచ్చిన పొలం బదులు అమరావతిలో వచ్చిన ప్లాటు ఎవరికి పోవాలో వీలునామా రాసి, రిజిస్టరు చేయించి, మూడు జిరాక్సులు తీయించి ఒకటి లాకర్లో పెట్టాడు. గొంతులో గొట్టం గురించి రాద్దామంటే ఇంట్లో "అశుభం మాట్లాడకండి" అన్నారు. ప్లాటు శుభం.

అబ్బాయి దిగాడు. చూశాడు. ఏడ్చాడు. ఇంటికి తీసుకెళ్దామన్నాడు. విజయవాడ ఇల్లు అద్దెది, ఓనరు ఒప్పుకోడు. కాబట్టి ఊరికే పోవాలి, ఊపిరుండగానే పోవాలి. 'డాక్టర్ల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం' అని కాగితం మీద సంతకం చేశారు. ఆ సలహా ఇచ్చిన డాక్టరే ఆ కాగితం తెప్పించాడు. పేషెంటుతో పాటు అంబులెన్సులో ఒక సిస్టర్ ఎక్కింది. ఇరవై రెండేళ్లు, సర్వీసు ఏడాది. గొట్టానికి అంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి ఊపిరి ఎక్కించే సంచి, తగిలించి ఐదారు సెకన్లకోసారి నొక్కుతూ కూర్చుంది. కాజా టోల్‌గేటు దగ్గర ముందున్న లారీ ఫాస్టాగ్ పలక్క లైను ఆగిపోయింది. బండి ఆగినా బ్యాగు ఆగకూడదు. ఒక చెయ్యి లాగేస్తే ఇంకో చేత్తో నొక్కింది.

ఊళ్లో వసారాలో నులకమంచం వేశారు. గంగ పోశారు, కూతుళ్లు కాళ్లు పట్టుకున్నారు. కాసేపయ్యాక వరసకు పెదనాన్న అయ్యే ఆయన కండువా సర్దుకుని, "అమ్మాయ్, ఇక తీసెయ్" అన్నాడు. ఆమె ఒక చేత్తో బ్యాగు నొక్కుతూనే, సిగ్నల్ దొరికేదాకా రెండో చేత్తో ఫోన్ పైకెత్తి డ్యూటీ డాక్టరుకు కలిపింది. "వాళ్లెలా చెబితే అలా చెయ్యమ్మా. నేను చెప్పానని మాత్రం నోట్స్‌లో రాయమాక" అన్నాడాయన. ఐదుగురు న్యాయమూర్తులు వందల పేజీలు రాసి, రెండు బోర్డులు కూర్చుని తేల్చాలన్న సంగతిని పెదనాన్న, డ్రైవరు, ఇరవై రెండేళ్ల పిల్ల కలిసి పది నిమిషాల్లో తేల్చేశారు. న్యాయవ్యవస్థలో జాప్యం గురించి వాపోయేవాళ్లు గమనించాలి.

మూడో రోజు ఆమెకు ఆసుపత్రి నుంచి మెమో వచ్చింది. పెద్దాయన సంగతి అందులో ఏమీ లేదు, అది ఎవరూ అడగలేదు. హడావిడిలో అంబు బ్యాగు ఆ వసారాలో వదిలేసి వచ్చింది. అది ఆసుపత్రి ఆస్తి. లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఖరీదు జీతంలోంచి కోస్తారు. మన ఆసుపత్రుల్లో జవాబుదారీతనం లేదని రాసేవాళ్లు ఆ మెమో ఒకసారి తెప్పించుకుని చూడాలి. నంబరు, తేదీ, సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి.