స్లాబ్ ఎక్కి చూడకుండా ఆడిట్ ఏంటి?

ఇంట్లో కరెంటు ఎక్కడ వృథా అవుతుందో చూసి చెప్తాం, ఫ్రీ ఎనర్జీ ఆడిట్ అని ఏసీ షాపు వాళ్లంటే ఇవాళ రమ్మన్నాను. వచ్చిన అబ్బాయి మీటరు ఫోటో తీసుకున్నాడు, ఏసీ మీద స్టార్ల స్టిక్కర్ చూశాడు, "ఇది తీసేసి 5 స్టార్ ఇన్వర్టర్ పెట్టించుకోండి మేడమ్, ఈఎంఐ ఉంది" అన్నాడు. ఆడిట్ అయిపోయిందట!

మాది హన్మకొండలో పై పోర్షన్. నెత్తి మీద స్లాబ్ ఒక్కటే. ఆ అబ్బాయి డాబా ఎక్కలేదు, పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడలేదు. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి కూడా ఆ గోడకు ఆనుకుని కూర్చోలేం. మా అత్తమ్మ మంచం గది మధ్యలోకి జరుపుకుని, తడి తువ్వాలు కప్పుకుని పడుకుంటుంది. పగలంతా తాగిన ఎండను స్లాబ్ రాత్రంతా గదిలోకి వదులుతుంటే, ఎన్ని స్టార్ల ఏసీ అయినా ఆ వేడినే తోడిపోయాలి కదా! ముందు వేడి లోపలికి రాకుండా చూడాలి. మెషీన్ల సంగతి ఆ తర్వాత.

ఫ్యాన్ల గురించి ఒక్క మాట అడగలేదు. పాత ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం ఉన్న ఇంట్లో, ఆ 200 గీత దగ్గర, ఆ 20 యూనిట్లతోనే జీరో బిల్లు నిలుస్తుంది. ఇది చెప్తే షాపుకు ఏం వస్తుంది?

అయినా ఆ పిల్లాణ్ణి అని ఏం లాభం, నా మంట అంతా ఓనర్ల మీద. "అంకుల్, డాబా మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేయించండి" అని ప్రతి ఎండాకాలం అడుగుతూనే ఉన్నాం. "రెండు నెలలే కదమ్మా, అడ్జస్ట్ అవ్వండి" అంటారు. స్లాబ్ ఆయనది, బిల్లు మాది, ఆయనకెందుకు టెన్షన్? పైగా రెండు పోర్షన్లకూ ఒకటే మీటరు. అందరి వాడకం కలిసి 200 దాటేస్తుంది. దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు 5 రూపాయల 10 పైసలు, 200 తర్వాత 300 దాకా 7 రూపాయల 70 పైసలు, ఆపైన ఇంకా ఎక్కువ. మా దగ్గర మాత్రం సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు వసూలు చేస్తారు. మేము పొదుపు చేసినా ఆయన రేటు మారదు. ఇది అన్యాయం కాదా?

డాబాలు ఎండ తాగకుండా చేయించాలని 2023లో రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలం ఉంటేనే తప్పనిసరి. చిన్న స్థలాలవాళ్లు ఇష్టమైతే వేసుకోవచ్చు. అద్దెకుండేవాళ్లం మగ్గిపోయేది 150, 200 గజాల ఇళ్లలోనే కదా, మరి మా సంగతి?

వచ్చే నెల పెయింట్ మేమే వేయించి, ఆ డబ్బు అద్దెలో పట్టుకుని ఇస్తాం. ఓనరు ఒప్పుకోకపోతే కాజీపేట వైపు కింది పోర్షన్ చూసుకుంటాం. తెలిసినవి ఉంటే కామెంట్‌లో చెప్పండి, సొంత మీటరు ఉండాలి.